ఎర్తింగన్న

కువైట్‌లో బండి రోడ్డు పక్కన ఆగిపోతే ముగ్గురు వస్తారు: పోలీసు, బండిని వీపున ఎక్కించుకుపోయే లారీవాడు, ఎర్తింగన్న. మొదటి ఇద్దరికీ మనం ఫోను చెయ్యాలి.

ఎర్తింగన్నకు అసలు పేరు లేకపోలేదు. పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగుతో, సివిల్ ఐడీలో ఇంకో స్పెల్లింగుతో భద్రంగా ఉంది. ఎవరూ వాడరు. ఎక్కడ బానెట్ ఎత్తి ఉన్నా అక్కడ ప్రత్యక్షమై, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంజను వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి "ఎర్తు" అనడం ఆయన వృత్తీ ప్రవృత్తీ కూడా. స్టార్టు కాకపోతే ఎర్తు. స్టార్టయి ఆగకపోతే ఎర్తు. ఏసీ చల్లగా రాకపోతే ఎర్తు. పంక్చరైన టైరును కూడా ఒకసారి కాసేపు అనుమానంగా చూశాడంటారు గానీ, అది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కావచ్చు.

ఈ జాతికి పుట్టిల్లు విజయవాడ ఆటోనగరో, కడప బైపాసో తెలీదు. షువైక్ పారిశ్రామిక వాడలో గ్యారేజీకి ఒకడుంటాడు, జలీబ్‌లో గదికి ఒకడుంటాడు. నేను ఎరిగిన నమూనా మాత్రం దజీజ్‌ది. ఫర్వానియా గవర్నరేటులో, విమానాశ్రయానికి ఉత్తరాన, ఇళ్ళకంటే గోదాములూ ఆఫీసులూ ఎక్కువగా ఉండే చోటు దజీజ్. శుక్రవారం వస్తే ఫర్వానియా నుంచీ, జలీబ్ నుంచీ, ఖైతాన్ నుంచీ మనవాళ్ళు ఇక్కడి పెద్ద మార్కెట్లకు సామాన్లకని వస్తారు. వచ్చినవాళ్ళు పార్కింగులో నిలబడి మాట్లాడుకుంటారు. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు వాళ్ళు ఒక గుంపు, అమలాపురం, రాజోలు, పాలకొల్లు వాళ్ళు ఇంకో గుంపు. రెండు గుంపుల మధ్య ఒక బండి బానెట్ తెరిచి ఉంటే, ఆ బానెట్ కింద ఎర్తింగన్న ఉంటాడు.

ఆయన ఈ దేశానికి వచ్చింది అరబ్బీ ఇంట్లో డ్రైవరుగా. పిల్లల్ని బడిలో దింపి, తిరిగి ఎక్కించుకునేదాకా గంటలకొద్దీ ఖాళీ. ఆ ఖాళీలో పక్క బండ్లు చూసి, వాటి డ్రైవర్లకు సలహాలు చెప్పి, చెప్పిన సలహాల్లో కొన్ని పనిచెయ్యడం చూసి తానే ఆశ్చర్యపోయి, చివరికి కహరబాయి అయిపోయాడు. కువైట్‌లో బండ్ల కరెంటు పని చేసేవాణ్ణి ఆ మాటతోనే పిలుస్తారు. 2024లో ఇంటిపని వీసా వాళ్ళు కంపెనీ వీసాకు మారడానికి ప్రభుత్వం రెండు నెలలపాటు తలుపు తీసింది. జూలై నడిమినుంచి సెప్టెంబరు నడిమిదాకా. ఆ సందులో ఆయనా దూరి, కాగితాల మీద కూడా గ్యారేజీ మనిషయ్యాడు. "మంది అంతా ఆఫీసుల ముందర వరసలో నిలబడినారు సామీ, నేను మాత్రం లోపల వాళ్ళ ప్రింటరు చూస్తా ఉన్నా" అని చెబుతాడు. ప్రింటరుకు ఏమైందో మనం అడగనక్కర లేదు.

పనిముట్లు రెండు. ఒకటి టెస్టు ల్యాంపు: చిన్న బల్బు, రెండు తీగలు, ఒక మొసలి క్లిప్పు. అది చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట ఉంటుంది. రెండోది మల్టీమీటరు. దాని డయల్ మీద ఇరవై గళ్ళుంటే ఆయనకు పనికొచ్చే గడి ఒక్కటే, తీగ కలిసి ఉంటే కుయ్ మనే గడి. కుయ్ మంటే ఆయన ముఖంలో వెలుగు. కుయ్ మనకపోతే ఇంకా వెలుగు.

ఆయన్ని చూసి నవ్వేవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. ఆయన చెప్పేది చాలాసార్లు నిజమవుతుంది. బండిలో కరెంటు పోయే దారికి ఒక తీగ వేస్తారు, తిరిగి వచ్చే దారికి బండి ఇనుమునే వాడుకుంటారు. బ్యాటరీ నుంచి బాడీకి ఒక ఎర్తు, బాడీ నుంచి ఇంజనుకు ఒక ఎర్తు. ఇవి రెండూ కాక, సెన్సర్లకు నేరుగా ఇంజను కంప్యూటరు దగ్గరికి వెళ్ళే సొంత ఎర్తు ఇంకొకటి. మోజుపడి ఇంజను దింపించి, టర్బో పెట్టించేవాళ్ళు తిరిగి ఎక్కించేముందు తళతళలాడే రంగు కూడా వేయిస్తారు. రంగు అన్నిచోట్లా పడుతుంది, ఎర్తు బోల్టు కింద కూడా. అక్కడ కరెంటుకు దారి మూసుకుపోతుంది. కాబట్టి కళ్ళు మూసుకుని "ఎర్తు" అన్నవాడు గెలిచే అవకాశం తక్కువేమీ కాదు. అయితే ఏ ఎర్తు, ఎందుకు, ఎక్కడ అని అడిగితే మాత్రం ఎర్తింగన్నకు కోపం వస్తుంది. డాక్టరు జ్వరం అన్నాక ఏ వేలికి జ్వరం అని అడుగుతామా అంటాడు.

ఈ శాస్త్రాన్ని ఆయన బండ్లకే పరిమితం చెయ్యడు. గదిలో వైఫై ఆగితే ఎర్తు. కొడుక్కి లెక్కల్లో మార్కులు తగ్గితే, బళ్ళో ఫ్యాను గాలి సరిగ్గా వస్తోందో లేదో కనుక్కోమంటాడు, లోపల్లోపల ఏమనుకుంటున్నాడో మనకు తెలుసు. ఒక శుక్రవారం భార్య ఫోను చేసి ఇంట్లో మోటరు తిరగడం లేదంది. ఈయన పావుగంట సేపు బోరు దగ్గర రాగి కడ్డీ ఎంత లోతున పాతాలో, దాని చుట్టూ ఉప్పూ బొగ్గూ ఎట్లా పొయ్యాలో వివరించాడు. ఆమె అంతా విని, "కరెంటు బిల్లు కట్టలేదని పొద్దున ఫ్యూజు పీక్కపోయినారు" అంది. "అట్లయితే ఎర్తు కాదు" అని ఒప్పుకున్నాడు. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు.

పట్రోల్ సంగతికి వస్తాను. ఎర్తింగన్న కీర్తి దజీజ్ దాటి వెళ్ళింది దానివల్లే.

నిస్సాన్ పట్రోల్, వై61. ఇంజను టీబీ48: ఆరు సిలిండర్లు వరసగా, 4.8 లీటర్లు. కంపెనీ దాన్ని టర్బో లేకుండానే అమ్మింది. గల్ఫ్ కుర్రాళ్ళకు అది సగంలో ఆపేసిన వాక్యంలా తోచింది, మిగతా సగం వాళ్ళే పూర్తిచేసుకుంటున్నారు. పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, కంపెనీ కంప్యూటరు తీసేసి బయటి కంప్యూటరు, సిలిండరుకో నిప్పు పుట్టించే కాయిల్. ఇసుక తిన్నెల మీదికి ఎగరడానికి కొందరు, ఆరిఫ్‌జాన్ మోటార్ టౌన్‌లో పరుగుకు కొందరు, ఏ ఉపయోగమూ లేకుండా సిగ్నలు దగ్గర గుర్రుమనిపించడానికి ఎక్కువమంది. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం అమల్లోకి వచ్చి జరిమానాలు బరువెక్కాక ఈ మూడో రకం కాస్త నెమ్మదించారు.

ఈ బండి ఒక కువైటీ కుర్రాడిది. కంప్యూటరు మార్చాక తీగల పని మొత్తం ఎర్తింగన్నే చేశాడు. ఆయన చేతి లూమ్ చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. తీగలన్నీ ఒకే కట్టగా పేర్చి, నల్ల టేపు చుట్టి, బెత్తెడుకొక జిప్ టై బిగించి, తోకలు కత్తిరించి, ఇంజను తల మీదుగా తిన్నగా నడిపించాడు. చూసినవాడల్లా ఫొటో తీసుకున్నాడు. బండి మాత్రం నెమ్మదిగా పోతే పోయింది, కాలు గట్టిగా వేసి టర్బో ఊపందుకోగానే టపటపమని కొట్టుకుని చచ్చిపోయేది. కాలు తీస్తే మళ్ళీ బతికేది. ప్రోగ్రామరు ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే అందులో "ట్రిగ్గర్ ఎర్రర్" అన్న లెక్క నిమిషానికొకసారి పెరుగుతోంది.

"హాదా ఎర్త్ మూ జేన్" అన్నాడు ఎర్తింగన్న, అచ్చమైన కువైటీ అరబ్బీలో. ఆ వారం ఇంజను నుంచి బాడీకి ఒక లావు తీగ వేశాడు. తగ్గలేదు. తర్వాతి వారం టర్బో నుంచి బాడీకి ఒకటి. ఆపైన రేడియేటరుకు ఒకటి, గేరుబాక్సుకు ఒకటి. బానెట్‌కు కూడా ఒకటి వేశాక బండిలో పెట్రోలు పైపులకంటే ఎర్తు తీగల పొడవు ఎక్కువైంది. ఎర్రర్ల లెక్క మాత్రం తన మానాన తాను పెరుగుతోంది. అప్పుడే నెత్తి మీదుగా విమానమొకటి చక్రాలు దించుకుంటూ వెళ్ళింది. దజీజ్‌లో అది కాకుల్లా మామూలే. ఎర్తింగన్న దాన్ని చివరిదాకా చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "ఎయిర్‌పోర్టు రాడారు కొడతాండాదబ్బీ. ఇంగ దానికి ఎర్తు వెయ్యల్లంటే మన చేతిలో లేదు."

నవ్వుకునేముందు ఒక మాట. రాడారు అమాయకమే గానీ, గాల్లోంచి ఏదో కొడుతోందన్న ఆయన అనుమానం పూర్తిగా తప్పు కాదు.

క్రాంక్ చివర పళ్ళచక్రం ఒకటుంటుంది. చాలా బండ్లలో అరవై పళ్ళ చోటు, అందులో రెండు పళ్ళు కావాలనే తీసేసి ఉంటాయి. ఒక్కో పన్ను సెన్సరు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఒక చిన్న కరెంటు అల. ఎర్తింగన్న ఊరి చెక్కభజన తెలిసినవాళ్ళకు ఇది సులువు: గురువు యాభై ఎనిమిది దెబ్బలు కొట్టి, రెండు దెబ్బల చోటు ఖాళీ వదిలి, మళ్ళీ ఎత్తుకుంటాడు. ఆ ఖాళీని పట్టుకునే ఆడేవాళ్ళు అడుగు మారుస్తారు. వెనక వీధిలో ఎవడో ఒక డప్పు కొట్టి, అది కూడా లెక్కలో కలిసిందనుకోండి, యాభై తొమ్మిదవుతుంది. అడుగు తప్పుతుంది. తెలివైన కంప్యూటరు అయితే అడుగు తప్పిందని గ్రహించి, "ట్రిగ్గర్ ఎర్రర్" అని లెక్క రాసుకుని, మళ్ళీ ఖాళీ దొరికేదాకా నిప్పూ పెట్రోలూ రెండూ ఆపేస్తుంది. ఆ ఆపడమే టపటప. ఆపకపోతే ఇంకా ప్రమాదం: నిప్పు వేళకాని వేళ పడి పిస్టన్లకు చిల్లులు పడతాయి.

ఆ డప్పు కొట్టేది ఎవరు? నిమిషానికి ఆరువేల చుట్లంటే సెకనుకు వంద. సెకనుకు 5,800 పళ్ళు, ఆరు సిలిండర్ల ఇంజనులో సెకనుకు 300 నిప్పురవ్వలు. సెన్సరు అల స్టార్టయ్యేటప్పుడు ఒక వోల్టు కూడా ఉండకపోవచ్చు, ప్లగ్గు దగ్గర నిప్పు దూకడానికేమో వేలకు వేల వోల్టులు కావాలి. పైగా టర్బో గాలి కుక్కినకొద్దీ ప్లగ్గు సందులో గాలి చిక్కబడి నిప్పు దూకడం కష్టమవుతుంది, వోల్టులు ఇంకా పెరుగుతాయి. అందుకే ఈ గోల ఆ గాలి కుక్కుడులోనే, అంటే బూస్టులోనే, బయటపడుతుంది.

నిప్పురవ్వ అంటే రేడియో. మాటవరసకు కాదు. 1887 ప్రాంతాల్లో జర్మనీలో హెర్ట్జ్ రేడియో తరంగాలను మొదట పుట్టించింది నిప్పురవ్వతోనే. 1890ల్లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు గోడ అవతల గంట మోగించి చూపిందీ నిప్పురవ్వతోనే. 1912లో టైటానిక్ నుంచి కాపాడండని వెళ్ళిన పిలుపులూ నిప్పురవ్వలే. మనకు అంతదూరం వెళ్ళక్కర లేదు. దూరదర్శన్ రోజుల్లో చిత్రలహరి మంచి పాట మీద ఉండగా వీధిలో లూనా ఒకటి వెళ్తే, హీరోయిన్ ముఖం మీద తెల్లచుక్కలు గీతలు కట్టేవి. ఇంటాయన మేడెక్కి యాంటెన్నా తిప్పేలోపు లూనా దాటిపోయేది, చుక్కలు పోయేవి, ఘనత ఇంటాయనకు దక్కేది. ఈ బెడద తగ్గించడానికే ప్లగ్గులోపల అయిదువేల ఓముల దాకా నిరోధకం పెట్టడం వచ్చింది. చాలా ప్లగ్గుల నంబరులో కనబడే "ఆర్" అక్షరం దాని గుర్తు. ఎక్కువ పవరు వస్తుందని ఎవరో చెప్పగా ఆ అక్షరం లేని ప్లగ్గులు వేసుకునే శూరులూ ఉన్నారు, వాళ్ళమీద వేరే వ్యాసం రాయాలి.

పట్రోల్‌ను బాగుచేసింది ఒక కోనసీమ కుర్రాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, పక్క గోదాములో చల్లగదుల మిషన్లు చూసుకుంటాడు. మాట మెత్తన, ప్రశ్న పదును. ఎర్తింగన్నకు అలాంటివాళ్ళు పడరు.

"అన్నయ్యా, బూస్టు లేకుండా అదే ఆరువేలకి లేపితే ఎర్రరు వస్తందాండి?"

"బూస్టు లేకుండా నడిపేదానికి ఆ పిల్లోడు ఇంత దుడ్డు ఎందుకు పెడతాడు?"

"ఆయ్, అది నిజమేనండి. ఊరికే చూద్దారనండి."

చూశారు. రాలేదు. ఆ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తెగిపోయాయి. పళ్ళచక్రం వంకరగా తిరిగినా, సెన్సరు దూరంగా కూర్చున్నా, సెన్సరు తీగలు రెండూ తారుమారైనా, జబ్బు చుట్లను పట్టుకుని కనబడాలి. ఇది బరువును పట్టుకుని వస్తోంది, అంటే నిప్పు దగ్గరే దొంగ ఉన్నాడు. కుర్రాడు ప్లగ్గులు విప్పి చూశాడు, "ఆర్" ఉంది. కాయిళ్ళ ఎర్తు ఇంజను తలకు గట్టిగానే ఉంది. తర్వాత అతను ఆ లూమ్ వైపు చూశాడు. ఎర్తింగన్న కూడా ఆ లూమ్ వైపు చూశాడు, కన్నకూతుర్ని పెళ్ళిచూపుల్లో చూసినట్టు.

"ఈ కట్టలో క్రాంక్ సెన్సరు తీగ కూడా ఉందాండి?"

"అన్నీ ఉండాయి. ఒక్కటీ బయట కనపడదు."

"కాయిల్ తీగలూ ఇందులోనేనాండి?"

"చెప్పినా గదబ్బీ, ఒక్కటీ బయట కనపడదు!"

కుర్రాడు ఏమీ అనలేదు. సెన్సరు నుంచి కంప్యూటరు దాకా, కవచం అల్లిన కొత్త తీగ ఒకటి తెచ్చి, అందం చందం లేకుండా ఇంజనుకు అవతలి పక్కనుంచి వేలాడేసి తగిలించాడు. వంటింట్లోంచి బట్టల దండెం కట్టినట్టుందని ఎర్తింగన్న ముఖం తిప్పుకున్నాడు. కువైటీ కుర్రాడు అందరినీ ఎక్కించుకుని ఆరో రింగురోడ్డు వైపు వెళ్ళి, ఏం చేశాడో చట్టం దృష్ట్యా నేను రాయను. తిరిగొచ్చి ల్యాప్‌టాప్ చూస్తే ట్రిగ్గర్ ఎర్రర్లు సున్నా.

పాత తీగ టేపు విప్పారు. ఆ తీగకూ కవచం ఉంది. లోపం లేదు. అయితే కవచాన్ని కంప్యూటరు వైపు ఒక్క చివరే ఎర్తు చెయ్యాలి. రెండు చివర్లా చేస్తే, రెండు చోట్ల ఎర్తుల మధ్య కొద్దిపాటి తేడా ఉన్నా కవచంలోనే కరెంటు పారుతుంది. గోల ఆపవలసిన కాపలాదారే గోల మోసుకొస్తాడు. ఈ తీగకు రెండు చివర్లా ఎర్తు ఉంది. పైగా ఇంజను వైపు చివర కాయిల్ బోల్టుకే బిగించి ఉంది.

"రెండు పక్కలా ఎందుకేశారన్నయ్యా?"

"ఒక పక్క వేస్తే సగం ఎర్తే గదా అబ్బీ."

దానికి అమలాపురంలో గానీ అమెరికాలో గానీ జవాబు లేదు. ఒక ఎర్తు విప్పేశారు, సెన్సరు తీగను కాయిళ్ళకు దూరంగా వేరే దారిన నడిపారు, బండి కుదుటపడింది. కువైటీ కుర్రాడు సంబరంగా "మొహందిస్, మొహందిస్" అంటూ ఇంజనీరును కౌగిలించుకోవడానికి వస్తే, రెండడుగులు ముందుకు వేసి కౌగిలి అందుకున్నది ఎర్తింగన్న. సాయంత్రానికి రెండు గుంపుల్లోనూ కథ పాకింది: పట్రోల్‌లో ఎర్తు ప్రాబ్లం, అన్న మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడు. అబద్ధమని అనడానికి లేదు. ఎర్తు లేకపోవడం కాదు, ఎక్కువవడం అన్న చిన్న తేడా తప్పిస్తే.

ఆ తర్వాత ఆయనలో ఒక మార్పు వచ్చింది. కుర్రాడి దగ్గర ఆసిలోస్కోపు చూశాడు, కరెంటు అల తెర మీద కదలడం చూశాడు, నిద్రపట్టలేదు. ఆన్‌లైన్‌లో అరచేయంత స్కోపు ఒకటి తెప్పించుకున్నాడు. ఇప్పుడు జేబులో టెస్టు ల్యాంపు పక్కన అదీ ఉంటుంది. వేసవి మధ్యాహ్నం, జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండింటినుంచి నాలుగింటివరకు ఎండలో పని నిషేధం గనుక, ఆ వేళలో గ్యారేజీ లోపల కూలరు కింద కూర్చుని దాన్ని సాధన చేస్తాడు. 2016లో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది, సాధనకు తీరిక ఎక్కువ.

కొత్త స్కోపుతో తొలి రోగం నిర్ధారించే వేళకు జనం బాగానే చేరారు. ప్రోబ్ మొనను ఆగి ఉన్న ఒక కారు సెన్సరు తీగకు ఆనించాడు. తెర నిండా గుండ్రటి అల, ఊయలలా తూగుతోంది. "సూడండి, ఇంజను ఆగినా సెన్సరు కొడతానే ఉండాది. సెన్సరు పోయింది" అన్నాడు. ఇంకో కారుకు పెట్టాడు, అదే అల. మూడో కారుకు పెట్టాడు, అదే అల. దజీజ్‌లో ఉన్న సెన్సర్లన్నీ ఒక్కరోజే పోయాయని ప్రకటించబోతుండగా కోనసీమ కుర్రాడు జనంలోంచి ముందుకు వచ్చి, ప్రోబ్ పక్కన గాలికి వేలాడుతున్న చిన్న మొసలి క్లిప్పును తీసి ఇంజనుకు తగిలించాడు. తెర మీద అల మాయమై తిన్నటి గీత మిగిలింది. ఇంతసేపూ కనబడింది కూలరు మోటరుదీ, గోడ సాకెట్టుదీ యాభై హెర్ట్జ్ ఇంటి కరెంటు గోల.

"ఏమైందబ్బీ?" అన్నాడు ఎర్తింగన్న.

"స్కోపుకి ఎర్తు తగిలించలేదన్నయ్యా."

గ్యారేజీలో నవ్వు లేచింది. ఎర్తింగన్న ఆ నవ్వంతా ఓపిగ్గా విన్నాడు. అది ఆగాక తెర వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి, అందరివైపూ తిరిగి, "మరి మొదట్నుంచీ నేను మొత్తుకునేది ఏంది?" అన్నాడు. కుర్రాడి భుజం తట్టి, "నేర్చుకుంటా ఉండావు" అని మెచ్చుకున్నాడు. గురుదక్షిణ కింద అక్కడ చేరిన పన్నెండుమందికీ ఆ రోజు కరక్ చాయ్ డబ్బులు కుర్రాడే ఇచ్చాడు.